రాతి మడుగుల నుంచి గాజు తొట్లలోకి

సముద్రం పాటుకు తగ్గినప్పుడు రాళ్ల సందుల్లోనూ మడుగుల్లోనూ ఉండిపోయే జీవుల్ని ఏరి తెచ్చి, ఇంట్లో ఉప్పునీటి గాజు తొట్టిలో పెంచుకునే అలవాటు ఇంగ్లండులో 1850ల్లో ఊపందుకుంది. పదేళ్లు తిరక్కుండానే దేశమంతటికీ పాకింది. ఆ తర్వాత అంత వేగంగానూ చల్లారిపోయింది. నిలిచింది కొద్దికాలమే అయినా దాని జాడలు చాలా మిగిలాయి. నేటి ప్రదర్శన అక్వేరియంలు, సముద్ర జీవశాస్త్ర కేంద్రాలు, ఉప్పునీటి చేపల వ్యాపారం ఏదో ఒక దారిన ఆ మోజుకు వారసులే. ఇంగ్లండు నైరుతి తీరాల్లో కొన్ని జీవులు పలచబడడానికి అదే కారణమని ఆనాటి వారే చెప్పుకున్నారు. అయితే తీరాన్ని దోచింది కుతూహలం ఒక్కటే కాదు. తెచ్చిన జీవి తొట్టిలో బతకలేదు. చచ్చినదాని చోట పెట్టడానికి ఇంకొకటి కావలసివచ్చింది. నష్టంలో పెద్ద వాటా ఈ రెండో ప్రయాణానిదే.

సముద్ర జీవుల్ని ఇంట్లో ఉంచడం అంతకుముందు లేకపోలేదు. అది శాస్త్రజ్ఞుల పని. ఇటలీలోని మెస్సీనా రేవులో జాన్ విల్‌ప్రో-పవర్ అనే ఫ్రెంచి మహిళ 1832 నుంచి గాజు తొట్లు కట్టించి ఆర్గోనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవిని పెంచింది. ఆ జీవి తన పలుచని తెల్లని గుల్లను ఎవరి దగ్గరో కాజేస్తుందా, తానే కట్టుకుంటుందా అన్నది చాలాకాలంగా తెగని తగువు. గుల్లను కొద్దిగా పగలగొట్టి, జీవే దాన్ని మళ్లీ అతుక్కోవడం చూసి, ఆమె ఆ తగువు తీర్చింది. స్కాట్లండులో సర్ జాన్ గ్రాహం డాలియెల్ 1828లో నార్త్ బెరిక్ రాళ్ల మీద దొరికిన ఒక సీ అనిమోన్‌ను ఎడింబరో తెచ్చి గాజు పాత్రలో ఉంచాడు. సీ అనిమోన్ పువ్వులా కనిపించినా జంతువే. రాతికి అతుక్కుని, రేకుల్లాంటి చేతులతో ఆహారాన్ని పట్టుకుంటుంది. డాలియెల్ దాని నీరు క్రమం తప్పకుండా మార్పించేవాడు, తిండి చాలా కొద్దిగా పెట్టేవాడు. ఆయన 1851లో చనిపోయాడు. అనిమోన్ మాత్రం చేతులు మారుతూ, వందల కొద్దీ పిల్లల్ని కంటూ 1887 దాకా బతికింది. అప్పటికి దాన్ని అందరూ ‘గ్రానీ’, అంటే మామ్మ, అని పిలిచేవారు. అది పోయినప్పుడు పత్రికలు మనిషి పోయినట్టే వార్త రాశాయి. ఒక్కటే జీవి, కొద్దిపాటి తిండి, ఎప్పటికప్పుడు కొత్త నీరు. అది గాజు పాత్రలో 59 ఏళ్లు బతకడానికి కారణాలు ఇవే. తర్వాత వచ్చిన మోజు సరిగ్గా ఈ మూడింటినీ పక్కన పెట్టింది.

సముద్రానికి దూరంగా ఉన్నవారికి నీటి మార్పిడే పెద్ద చిక్కు. దాన్ని మొదట ఎదుర్కొన్నవారిలో అన్నా థిన్ ఒకరు. ఆమె భర్త లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మతాధికారి. 1846లో టార్కీ తీరంలో రాతికి అంటుకుని ఉండే చిన్న పగడపు జీవులు ఆమెకు నచ్చాయి. వాటిని ఒక పెద్ద స్పాంజికి సూదీదారంతో కుట్టి, జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చింది. తెచ్చిన సముద్రపు నీరు కొంచెమే. అది చెడకుండా ఉండాలంటే గాలి కలవాలి. అందుకని పనమ్మాయి రోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, నీటిని ఒక పాత్రలోంచి ఇంకొక పాత్రలోకి తిరగబోసేది. మరుసటి ఏడు అన్నా థిన్ రాతి ముక్కలతో సహా నాచు తెప్పించి అదే నీటిలో వేసింది. పగడపు జీవులు దాదాపు మూడేళ్లు బతికాయి. ఆమె ఈ సంగతులు 1859 దాకా అచ్చు వేయించలేదు. అప్పటికి కీర్తి అంతా ఇతరులకు దక్కిపోయింది. అక్వేరియం చరిత్రలు చాలావాటిలో ఆ పనమ్మాయికి పేరు కూడా లేదు.

ఆ కీర్తికి ఆధారం ‘సమతూకం’ అనే ఒక సిద్ధాంతం. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూసిన గాజు పెట్టెల్లో ఫెర్న్ మొక్కలు ఏళ్ల తరబడి బతుకుతాయని 1829 తర్వాత కనుగొని, 1842లో ఆ విషయం మీద పుస్తకం వేశాడు. అదే ఏడు బెరిక్ వైద్యుడు జార్జ్ జాన్‌స్టన్ ఒక చిన్న గాజు జాడీలో కోరలైన్ అనే సున్నపు నాచును, కొన్ని చిన్న జీవుల్ని నీరు మార్చకుండా వారాల పాటు ఉంచి చూపించాడు. జీవులు చావలేదు కాబట్టి కోరలైన్ మొక్కే అయి ఉండాలన్నది ఆయన వాదన. లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ దీన్ని పూర్తి ప్రయోగంగా మార్చాడు. మంచినీటి తొట్టిలో గోల్డ్‌ఫిష్, నీటిమొక్క, కుళ్లిన ఆకుల్ని తినడానికి నత్తలు పెట్టాడు. చేప వదిలే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలే ప్రాణవాయువును చేప పీలుస్తుంది, నత్త చెత్త ఊడుస్తుంది. 1850లో ఈ ఫలితాలను రసాయన శాస్త్ర సంఘానికి తెలిపి, తర్వాత సముద్రపు నీటితోనూ అదే ప్రయత్నించాడు. సిద్ధాంతం అబద్ధం కాదు, అసంపూర్ణం. జీవుల మలమూత్రాల్లోంచి, మిగిలిన తిండిలోంచి పుట్టే అమ్మోనియా సంగతి దానిలో లేనే లేదు.

ఈ ప్రయోగాన్ని జనంలోకి తెచ్చినవాడు ఫిలిప్ హెన్రీ గాస్. 1810లో పుట్టిన గాస్ న్యూఫౌండ్లండ్, అలబామా, జమైకాల్లో పనిచేసి, పురుగుల్నీ పిట్టల్నీ గీస్తూ తనంతట తాను ప్రకృతి శాస్త్రం నేర్చుకున్నాడు. ప్లిమత్ బ్రదరెన్ అనే కఠిన క్రైస్తవ శాఖలో నిష్ఠ గల సభ్యుడు. 1852లో ఒంట్లో బాగోలేక లండన్ వదిలి డెవన్ తీరానికి వెళ్లి, మొదట సెయింట్ మేరీచర్చ్‌లోనూ తర్వాత ఇల్‌ఫ్రాకూంబ్‌లోనూ ఉన్నాడు. అక్కడ పాటు నీటి అంచున ఎర్రటి, పసుప్పచ్చటి పగడపు జీవి ఒకటి దొరికింది. అంతవరకు శాస్త్రానికి తెలియని ఆ జాతికి బాలనోఫిలియా రీజియా అని ఆయనే పేరు పెట్టాడు. డెవన్ తీరపు నడకల మీద 1853లో వేసిన పుస్తకంలో సముద్ర జీవుల్ని నీరు మార్చకుండా ఇంట్లో పెంచే విధానం కూడా వివరించాడు. ఆ ఏడు మే నెలలో లండన్ జూలో ‘ఫిష్ హౌస్’ తెరిచారు. జనం చూడడానికి కట్టిన మొట్టమొదటి అక్వేరియం అదే. దాని తొట్లలోకి జీవుల్ని పంపినవారిలో గాస్ కూడా ఉన్నాడు. వేమత్ రేవులో పడవ కుదుర్చుకుని, అడుగును గీకే వలతో సముద్రాన్ని జల్లెడ పట్టి సరుకు పంపేవాడు. 1854లో ‘ది అక్వేరియం’ అనే రంగుల బొమ్మల పుస్తకం వేశాడు. ఆయన పుస్తకాల్లో డబ్బు బాగా తెచ్చిపెట్టినది అదే. మరుసటి ఏడు చిన్న చేతిపుస్తకం కూడా వచ్చింది. ఇక ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

మొదలుపెట్టగలిగే స్థితి కూడా అప్పుడే వచ్చింది. గాజు మీద సుంకాన్ని 1845లో ఎత్తివేశారు. గాజు పలకలు మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి వచ్చాయి. 1851లో హైడ్ పార్కులో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ గాజు మీద జనానికి ఉన్న మోజును రెట్టింపు చేసింది. రైలు 1841కే బ్రైటన్‌కూ, 1848కి టార్కీ అంచుకూ చేరింది. వేమత్‌కు 1857లో వచ్చింది. లండన్ గుమాస్తా కూడా వేసవిలో వారం రోజులు సముద్రం చూసి రాగలిగాడు. చూసి వచ్చే ఆ వారంలో చేయడానికి ఒక పని కావాలి. బీచిలో ఊరికే కూర్చోవడం సోమరితనమని, దేవుడి సృష్టిని పరిశీలించడం పుణ్యమని భావించే సమాజం అది. రాతి మడుగులో వంగి వెతకడం వ్యాయామమూ అయింది, విద్యా అయింది, భక్తీ అయింది. ఈ మూడూ ఒకేచోట దొరకడం వల్లనే ఆ మోజు అంతగా అల్లుకుపోయిందనుకోవచ్చు.

ఏరడంలో మొదటి పాఠం పంచాంగం. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎంత ఎక్కువో, పాటు అంత లోతుకు దిగుతుంది. వసంత, శరత్ విషువత్తుల దగ్గర పడే పాటు మరీ లోతు. బ్రిస్టల్ ఛానెల్ ఒడ్డున ఉన్న ఇల్‌ఫ్రాకూంబ్‌లో పోటుకూ పాటుకూ మధ్య తేడా పెద్ద రోజుల్లో 8 మీటర్లు దాటుతుంది. విశాఖపట్నంలో అదే తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అందువల్ల డెవన్ తీరంలో పాటు వేళ బయటపడే రాతిమేర మన తీరంతో పోలిస్తే ఎన్నో రెట్లు. నీరు బాగా దిగినప్పుడు ఏడాదికి కొద్ది గంటలే గాలి సోకే అట్టడుగు రాళ్లు కనిపిస్తాయి. అరుదైనవన్నీ అక్కడే. నేర్పు గలవారు నీరు దిగుతుండగానే వెంబడి దిగి, నీరు తిరగగానే వెనక్కి మళ్లేవారు. కొండచరియకూ సముద్రానికీ మధ్య చిక్కుకుపోయే ప్రమాదం గురించి ఆనాటి పుస్తకాలన్నీ హెచ్చరించాయి.

సామాను పెద్దగా లేదు. రాతిపని సుత్తి, ఉక్కు ఉలి, మూతి వెడల్పైన గాజు జాడీలు అమర్చిన బుట్ట, చిన్న చేతివల, ఒక చాకు. అసలు కష్టమంతా ఉలి దగ్గర ఉంది. సీ అనిమోన్‌ను గోటితో పెకలిస్తే పాదం చిరుగుతుంది. చిరిగినది రెండు రోజుల్లో కుళ్లుతుంది. కుళ్లినది తొట్టిలోని నీరంతా పాడుచేస్తుంది. కాబట్టి జీవి చుట్టూ రాతిని చెక్కి, ముక్కతో సహా ఎత్తాలి. నాచుకూ ఇదే నియమం. కోసిన నాచు బతకదు, అది అంటుకున్న రాయి కూడా రావాలి. అంటే జీవినో మొక్కనో తెచ్చినప్పుడల్లా తీరపు రాతిని కూడా కొంత తెచ్చారు. రాతి చీలికల్లో దాక్కునే జాతుల కోసం బండను నిలువునా చీల్చేవారు. చీల్చిన బండ మళ్లీ అతుక్కోదు. తిరగేసిన రాయిని మళ్లీ బోర్లించి పెట్టడమన్న చిన్న మర్యాదను కూడా సెలవులకు వచ్చిన చాలామంది పాటించేవారు కాదు. పైకి తిరిగి ఎండకు ఆరిన అడుగుభాగంతో పాటు దాని మీద బతికే గుడ్లు, పురుగులు, పిల్ల చిప్పలు చచ్చిపోయేవి. తొట్టిలోకి చేరిన వాటికంటే దారిలో పోయినవి ఎన్ని రెట్లో చెప్పడం కష్టం.

మోయడంలో ఒక విచిత్రం బయటపడింది. నిండా నీరున్న మూసిన జాడీలో జీవులు త్వరగా చచ్చేవి. ఆ నీటిలోని ప్రాణవాయువు కొన్ని గంటల్లో అయిపోతుంది. అవే జీవుల్ని తడి నాచులో చుట్టి, గాలి ఆడే డబ్బాలో పెడితే రోజంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం బతికేవి. పాటు వేళ గాలిలో గడపడం వాటికి అలవాటే కదా. ఈ కిటుకు తెలిశాక తపాలా, రైలు పార్సిళ్లు రంగంలోకి వచ్చాయి. రచయిత, మతాచార్యుడు చార్ల్స్ కింగ్స్లీ 1854లో టార్కీలో ఉండగా లండన్‌లోని గాస్‌కు తరచూ జాడీల బుట్టలు పంపేవాడు. ఆ అనుభవంలోంచే ‘గ్లాకస్’ అనే పుస్తకం 1855లో పుట్టింది. వేట పట్ల మోజున్న యువకుల్ని తీరపు శాస్త్రం వైపు తిప్పాలన్నది దానిలో ఆయన కోరిక. కోరిక కొంతవరకు నెరవేరింది. అయితే ఈ కొత్త శాస్త్రంలో పాత వేట లక్షణాలు చాలానే మిగిలిపోయాయి.

తీరానికి వచ్చినవారిలో ఆడవారు చాలామంది. ఆ కాలంలో శాస్త్ర సంఘాల తలుపులు వారికి చాలావరకు మూసే ఉన్నాయి. తీరానికి తలుపుల్లేవు. టార్కీలో మేరీ వ్యాట్ 1830ల్లోనే ఎండబెట్టిన నాచు నమూనాల సంపుటాలు అమ్మింది. మార్గరెట్ గాటీ 1863లో బ్రిటన్ నాచుల మీద వేసిన పుస్తకంలో తీరానికి వెళ్లే స్త్రీలకు కుండబద్దలు కొట్టినట్టు సలహాలిచ్చింది. మగవారు వేటకు తొడిగే బరువైన బూట్లు వేసుకోవాలి, లంగా చీలమండ దాటకూడదు, పట్టు శాలువాలు ఇంట్లో వదిలి రావాలి. నవలాకారిణి జార్జ్ ఇలియట్, ఆమె సహచరుడు జి. హెచ్. లూయిస్ 1856లో ఇల్‌ఫ్రాకూంబ్‌కూ టెన్బీకీ వెళ్లి నెలల పాటు రాళ్ల మీద తిరిగారు. గదిలో కిటికీ గట్టు నిండా, బల్ల నిండా జాడీలే. లూయిస్ ఆ పరిశీలనల్ని 1858లో పుస్తకంగా తెచ్చాడు. ఎవరేం చెప్పినా స్వయంగా చూసి తేల్చుకునే ఆయన తీరు, గాస్ భక్తి రచనలకు మంచి విరుగుడు. అదే ఏడు కెంట్ తీరంలో తన కుటుంబం గవ్వలేరుతున్న దృశ్యాన్ని చిత్రకారుడు విలియం డైస్ మనసులో పెట్టుకున్నాడు. ‘పెగ్వెల్ బే’ అనే ఆ చిత్రం 1860లో ప్రదర్శనకు వచ్చింది. పంచ్ పత్రికలో జాన్ లీచ్ రాళ్ల మీద వంగి వెతికే గౌన్ల వరుసను బొమ్మ గీసి నవ్వించాడు. ఒక అలవాటు వ్యంగ్యచిత్రంలోకి ఎక్కిందంటే ఊరందరికీ తెలిసిపోయినట్టే.

తీరానికి వెళ్లలేనివారికి దుకాణాలు వెలిశాయి. వాటిలో పేరు పొందినది లండన్ రీజెంట్స్ పార్క్ దగ్గర పోర్ట్‌లాండ్ రోడ్డులో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ నడిపినది. పుస్తకాల అంగడి పనివాడిగా బతికిన లాయిడ్‌కు ఈ మోజు సొంతంగా పట్టుకుంది. చౌక గాజు సీసాల్లో సముద్ర జీవుల్ని పెంచడంతో మొదలుపెట్టి వ్యాపారిగా ఎదిగాడు. తీరమంతా ఏరేవారిని కుదుర్చుకున్నాడు. వారు ఏరి పంపిన జీవులు రైల్లో లండన్ చేరి, అక్కణ్నుంచి దేశమంతటా చందాదారుల ఇళ్లకు పోయేవి. తొట్లు, వలలు, నాచు, నీరు, జీవులు, పుస్తకాలు అన్నీ కలిపి 1858లో ఆయన వేసిన ధరల జాబితా వంద పేజీలు దాటింది. దీనితో ఏరడం స్వభావమే మారింది. సెలవులకు వచ్చిన కుటుంబం వారానికొకసారి రాయి చెక్కుతుంది. కూలికి ఏరేవాడు ప్రతి పెద్ద పాటుకూ దిగుతాడు, గిరాకీ ఉన్న జాతినే వెతుకుతాడు, దొరికినన్నీ తెస్తాడు.

సముద్రపు నీరు కూడా సరుకైంది. థేమ్స్ నది ముఖద్వారం దాటి నడిసముద్రంలో తిరిగే స్టీమరు నావికులకు కొద్దిగా డబ్బిచ్చి పీపాలు నింపించుకునేవారు. పీపా కొత్తదై ఉండాలి, ఓక్ చెక్కది కాకూడదు. ఓక్‌లోని వగరు నీటిలోకి దిగి జీవుల్ని చంపుతుంది. ఇంతకంటే తేలిక దారి కృత్రిమ సముద్రం. వంటింటి ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపి గాస్ 1854లో ఒక పాళం ప్రకటించాడు. అందులో కొంతకాలం నాచు పెరిగాక జీవుల్ని వేయాలన్నాడు. ఆ విరామం ఎంత ముఖ్యమో ఆయనకూ పూర్తిగా తెలియదు. ఇలాంటి ఉప్పు పొట్లాలను దుకాణాలు అమ్మాయి. విత్తనాలు ఉప్పునీటిలో ఎన్నాళ్లు మొలకెత్తే శక్తితో ఉంటాయో చూడడానికి చార్ల్స్ డార్విన్ 1855లో వాడినది కూడా ఇలా కొన్న ఉప్పే. మొక్కలు మహాసముద్రాలు దాటి దీవులకు ఎలా చేరాయన్న ఆయన వాదనకు ఆ పరీక్షలు పనికొచ్చాయి.

ఇళ్లలో జరిగినది వేరు. అందం కోసం తొట్టిని కిటికీ దగ్గర పెట్టేవారు. నాలుగు వైపులా గాజు, నాలుగు వైపులా వెలుతురు. సముద్రపు అడుగున వెలుగు పైనుంచి మాత్రమే వస్తుంది. వెలుగెక్కువై సూక్ష్మమైన ఆకుపచ్చ నాచు గాజుకు పట్టి, నీరు బఠాణీ రసమయ్యేది. అందమైన ఎర్ర నాచులు నెలలోగా తెల్లబారి చచ్చేవి. ఆకుకూరలా కనిపించే అల్వా అనే పచ్చ నాచు మాత్రం మొండిగా బతికేది. జూలైలో గది వేడెక్కితే వెచ్చటి నీటిలో ప్రాణవాయువు నిలవదు. అనిమోన్లకు మాంసం ముక్కలు మరీ ప్రేమగా పెట్టేవారు. మిగిలిన ముక్క కింద కుళ్లేది. పీత పక్కనున్న పురుగును తినేది, తినగా మిగిలినదీ కుళ్లేది. ఒక్క శవం చాలు, రాత్రికి రాత్రి నీరు నల్లబడి తొట్టి మొత్తం పోయేది. ఇలా పోయిన తొట్టిని కొందరు అటకెక్కించారు. చాలామంది కడిగి, మళ్లీ నింపారు. జె. జి. వుడ్ అనే మతాచార్యుడు తీరపు జీవుల మీద 1857లో వేసిన చౌక పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. పదకొండేళ్ల తర్వాత, 1868లో, ఆయనే ఈ మోజును దాటిపోయిన పిచ్చిగా వర్ణించాడు.

అసలు లోపం ఎక్కడుందో 1890 దాకా స్పష్టం కాలేదు. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియాలను సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అప్పుడు వేరుచేసి చూపాడు. ఇసుక, రాతి ఉపరితలాల మీద ఇవి వారాల పాటు పెరిగాకే తొట్టి జీవుల విషాన్ని భరించగలదు. కొత్త తొట్టిలో ఒకేరోజు ఇరవై జీవుల్ని వేస్తే చావు తప్పదు. సమతూకం మాట నమ్మిన గృహస్థు ఈ చావులకు తన నిర్లక్ష్యమో, తొట్టి కట్టిన లప్పమో కారణమనుకున్నాడు. తీరం నుంచి మరో బుట్ట తెప్పించాడు.

తీరం మీద దీని ప్రభావం గురించి ఎక్కువగా చెప్పుకునే సాక్ష్యం గాస్ కుమారుడిది. ఎడ్మండ్ గాస్ 1907లో వేసిన ‘ఫాదర్ అండ్ సన్’ అనే స్మృతుల పుస్తకంలో, చిన్నప్పుడు తండ్రితో కలిసి చూసిన రాతి మడుగుల అందం ఇక లేదనీ, ఏరేవారి దండు మూలమూలలా దోచుకుపోయిందనీ, తన పుస్తకాలే దీనికి దారితీశాయని తెలిసి తండ్రి ఎంతో బాధపడ్డాడనీ రాశాడు. ఇది యాభై ఏళ్ల తర్వాతి జ్ఞాపకం. రాసినవాడు సాహిత్యకారుడు, పుస్తకం తండ్రితో తెగిన బంధం గురించినది. దాన్ని లెక్కల పుస్తకంగా చదవకూడదు. ఏరడానికి ముందు ఆ మడుగుల్లో ఎన్ని జీవులున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పిల్లల్ని ఒంట్లోనే పెంచి బయటికి వదిలే ఎర్ర అనిమోన్ నేటికీ ఆ రాళ్ల మీద విస్తారంగా ఉంది. ఏరుడు దానికి పెద్ద దెబ్బ కాలేదు. మెల్లగా పెరిగే, అక్కడక్కడా మాత్రమే ఉండే చిన్న పగడపు జీవుల సంగతి వేరు. వాటిని రాతితో సహా పెకలించుకుపోతే ఆ చోట మళ్లీ కనిపించడానికి చాలాకాలం పడుతుంది. అందువల్ల ఎడ్మండ్ మాటలు అన్ని జీవులకూ కాకపోయినా కొన్నిటి విషయంలో నిజమే అయి ఉండాలి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గాస్ పుస్తకాలు రాకపోయినా రైలు వచ్చేది, సెలవు జనం వచ్చేవారు. ఇల్‌ఫ్రాకూంబ్‌కు 1874లో రైలు వచ్చేనాటికి గాస్ అక్కడ ఏరిన రోజులు ఎప్పుడో ముగిశాయి.

ఇంటి తొట్టి ఓడిపోయిన చోట పెద్ద తొట్టి గెలిచింది. 1860ల ఆరంభంలో దుకాణం దెబ్బతిన్నాక లాయిడ్ జర్మనీ వెళ్లి, 1864లో హాంబర్గ్ జంతుశాల అక్వేరియానికి బాధ్యుడయ్యాడు. ఆయన కనిపెట్టిన సూత్రం తేలికైనదే. జనం చూసే తొట్ల కింద, చీకట్లో, వాటికంటే ఎన్నో రెట్లు పెద్ద జలాశయం కట్టి, ఆవిరి యంత్రంతో నీటిని ఎడతెగకుండా తిప్పాలి. 1871లో సిడెన్‌హామ్‌కు అప్పటికే తరలించిన క్రిస్టల్ ప్యాలెస్‌లో కట్టిన అక్వేరియంలో తొట్లలో దాదాపు 20 వేల గాలన్లు ఉంటే కింద చీకటి జలాశయంలో దాదాపు లక్ష గాలన్లు. చీకట్లో ఆకుపచ్చ నాచు పెరగదు, నీరు చల్లగా ఉంటుంది, కదిలే నీటిలో గాలి కలుస్తుంది. ఆ గోడల మీద పెరిగిన బాక్టీరియా లాయిడ్‌కు తెలియకుండానే మిగతా పని చేసిపెట్టింది. నేపుల్స్‌లో ఆంటన్ డోర్న్ 1872లో మొదలుపెట్టిన జంతుశాస్త్ర కేంద్రపు అక్వేరియానికీ లాయిడ్ సలహాలే ఆధారం. బ్రైటన్‌లో 1872లో, లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో 1876లో మరో రెండు అక్వేరియంలు తెరిచారు. రెండోదానిలో చేపలు సరిగా నిలవలేదు. సర్కసు ఆటలకూ సంగీత సభలకూ అదొక చిరునామా అయింది. చేపలు లేని అక్వేరియం అని లండన్ వాసులు ఎగతాళి చేసేవారు.

శాస్త్రం తన వాటా తాను తీసుకుంది. 1884లో ఏర్పడిన బ్రిటిష్ సముద్ర జీవశాస్త్ర సంఘం 1888లో ప్లిమత్‌లో ప్రయోగశాల తెరిచింది. ఆ ఏడే గాస్ మరణించాడు. ఒడ్డున ఏరడం అక్కడ పద్ధతిగా, లెక్కతో, కాలానుగుణంగా చేసే పనిగా మారింది. భారతదేశానికి ఆ ఒరవడి మద్రాసు ద్వారా వచ్చింది. తెలుగు తీర జిల్లాలన్నీ ఇమిడి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో, మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ పూనికతో 1909లో మెరీనా తీరాన సముద్ర అక్వేరియం తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతపడింది.

ఇళ్లలోకి ఉప్పునీటి తొట్టి మళ్లీ రావడానికి కరెంటు పంపు, ప్లాస్టిక్, కంకర కింద అమర్చే వడపోత కావలసివచ్చాయి. 1950ల్లో అమెరికాలో ఈ మూడూ కలిశాయి. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాతిని జీవులతో సహా తొట్టిలో పెట్టి, గాలి బుడగలు తప్ప మరేమీ లేకుండా పగడపు జీవుల్ని పెంచి చూపాడు. డెవన్ గృహస్థులు జీవి కోసమని రాతిని చెక్కి తెచ్చారు. ఈసారి రాయే అసలు సరుకైంది, ఎందుకంటే అవసరమైన బాక్టీరియా దాని రంధ్రాల్లోనే ఉంటుంది. ఏరుడు కూడా ఇంగ్లండు రాళ్ల నుంచి ఉష్ణమండలపు పగడపు దిబ్బలకు జరిగింది. ఫిలిప్పీన్స్‌లో చేపల్ని మత్తెక్కించి పట్టడానికి సయనైడు వాడడం 1960ల్లో మొదలైంది. సుత్తీ ఉలీ చేసిన నష్టం దీని ముందు స్వల్పం. కొన్ని జాతుల్ని తొట్లలోనే పొదిగించి పెంచే విద్య 1970ల నుంచి వచ్చింది. క్లౌన్‌ఫిష్ వాటిలో ముందుంది. చాలా రకాలు మాత్రం ఇప్పటికీ సముద్రం నుంచి రావలసిందే.

వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం గట్టి పగడాలకు వర్తిస్తోంది. 2004 మే నుంచి సముద్ర గుర్రాలకూ వర్తిస్తోంది. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, కొన్ని రకాల శంఖాలు 2001లో చేరాయి. విశాఖ, భీమిలి రాళ్ల దగ్గర తిరిగేవారు కూడా వీటిని ఏరి ఇంటి తొట్టిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం.